కాశ్యప గోత్రపు స్విస్ కుటుంబం

జ్ఞాపకాలు రాయాలంటే రిటైర్ అయి ఉండాలని ఒక పద్ధతి. నాకు ముప్ఫై రెండేళ్ళు. అయినా ఒక వృత్తి నుంచి పూర్తిగా రిటైరయ్యాను. ఇతరుల తాతముత్తాతలను వెతికిపెట్టే వృత్తి అది. ఆఖరి రోజు ఎవరూ శాలువా కప్పలేదు. బ్యాడ్జ్ తీసుకుని, లాప్‌టాప్ ఛార్జర్ ఏదని అడిగారు. కాబట్టి నాకూ అర్హత ఉన్నట్టే. ఈ దేశానికి కొత్తగా వచ్చి, వీసా ఎవరిస్తే వాళ్ళ దగ్గర చేరిపోతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పనికిరాకపోతే చదవడం ఆపేయొచ్చు. వీసా విషయంలో ఆ సౌకర్యం ఉండదు.

హెర్న్‌డన్ అనే ఊళ్ళో మా ఆఫీసు ఒక పళ్ళ డాక్టర్ క్లినిక్ పైన ఉండేది. కింద ఆయన పళ్ళు పీకేవాడు, పైన మేం వంశాలు తవ్వేవాళ్ళం. అరుపులు మాత్రం కింది నుంచే వచ్చేవి. అమెరికాలో ఎవరికైనా తమ ఇంటిపేరు ఎక్కడిదో తెలుసుకోవాలనిపిస్తే మాకు రాసేవారు. మేం పాత చర్చి రికార్డులూ ఓడల రికార్డులూ కలిపి, గట్టి అట్టతో, నున్నటి కాగితం మీద ఒక పుస్తకం అచ్చు వేసి పంపేవాళ్ళం. చరిత్ర గురించి నాకేమీ తెలియదు. ఇంటర్వ్యూలో అడగలేదు కూడా. రెండు రికార్డులు ఒకే మనిషివో కాదో ప్రోగ్రామ్‌తో తేల్చగలవా అన్నారు. తేల్చగలను అన్నాను. అప్పట్లో నా గురించి నేనే ఏమీ తేల్చుకోలేకపోతున్నాననే విషయం రెజ్యూమెలో రాయలేదు.

టీమ్‌లో ముగ్గురం. మేనేజర్ ఒక అమెరికన్ ఆవిడ, ఒకప్పుడు స్కూల్లో చరిత్ర చెప్పేదట. రెండోవాడు మా అన్న. సొంత అన్న కాదు, కరీంనగర్ వైపు నుంచి నాకన్నా ఐదేళ్ళు ముందు వచ్చినవాడు. మూడోవాణ్ణి నేను, కృష్ణా జిల్లా. ఆ ఏడు నా వీసా పొడిగింపు ఎక్కడో ఒక ఆఫీసులో ఇరుక్కుపోయింది. రోజూ ఆ వెబ్‌సైట్ తెరిచి చూసేవాణ్ణి, అది రోజూ అదే వాక్యం చూపించేది. బల్ల కింద నా కాలు ఆగకుండా ఊగుతూనే ఉండేది. "కాలు ఆపరా తమ్మీ, నా మానిటర్ భూకంపంల ఉన్నట్టు ఊగుతున్నది," అనేవాడు అన్న. ఆపేవాణ్ణి. కాసేపటికి రెండో కాలు మొదలయ్యేది.

ఇక స్విట్జర్లాండ్ సంగతి. అక్కడ ప్రతి మనిషికీ ఒక మూల గ్రామం ఉంటుంది. అక్కడ పుట్టి ఉండక్కర్లేదు, ఒక్కసారైనా చూసి ఉండక్కర్లేదు. తండ్రి నుంచి ఇంటిపేరు వచ్చినట్టే ఆ ఊరూ వస్తుంది, పాస్‌పోర్ట్‌లో కూడా ఆ ఊరి పేరే ఉంటుంది. అందుకని ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన కుటుంబం ఒకటి కాదు, ఊరు కూడా కలవాలి. మేనేజర్ ఇది బోర్డు మీద బొమ్మలు వేసి చాలాసేపు వివరించింది. మాకు అంతసేపు అక్కర్లేదు.

"గోత్రం," అన్నాడు అన్న.

"గోత్రమే," అన్నాను నేను.

ఇంటిపేరు కలిస్తే చుట్టాలమా అని మురిసిపోయి, గోత్రం కలవకపోతే సరే పెళ్ళి చూపులకు రండి అనే జాతి మనది. ఈ ఉద్యోగానికి మా ఇద్దరికన్నా తగినవాళ్ళు ఉండరని ఆ రోజు గట్టిగా నమ్మాం.

చిక్కంతా అమెరికా వైపు రికార్డులతో వచ్చింది. ఓడ దిగిన మనిషిని ఏ దేశం అని అడిగారు గానీ ఏ ఊరని ఎవరూ అడగలేదు. సగం రికార్డుల్లో మూల గ్రామం ఉండాల్సిన చోటు ఖాళీ. ఖాళీ ఉంటే ప్రోగ్రామ్ ఆగిపోయేది, పుస్తకం ఆగిపోయేది. దీనికేం చేద్దామని మీటింగ్ పెట్టారు. నేనే ఉపాయం చెప్పాను. ఖాళీ ఉన్నచోట, ఆ ఇంటిపేరువాళ్ళు ఎక్కువమంది ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరు రాసేద్దాం అన్నాను. "మన గుళ్ళల్ల జేస్తరు గట్లనే," అని అన్న బలపరిచాడు. మేనేజర్‌కు గుడి సంగతి అర్థం కాలేదు గానీ ఉపాయం నచ్చింది. "బ్రిలియంట్," అంది. ఆ మాట విన్నప్పుడే జాగ్రత్త పడాల్సింది. ఈ దేశంలో కాఫీ మూత సరిగ్గా పెట్టినా అదే మాట అంటారు.

మా కస్టమర్లు ఎప్పుడూ మా మెట్లెక్కేవారు కాదు. ఒక్క ఆవిడ ఎక్కింది. వయసు ఎనభై దాటి ఉంటుంది. షెనాండోవా లోయ నుంచి పికప్ ట్రక్ తనే నడుపుకుంటూ వచ్చింది. ఈమెయిల్ మీద ఆమెకు నమ్మకం లేదట. చేతి సంచిలోంచి రెండు కాఫీ మగ్గులు తీసి నా బల్ల మీద పెట్టింది. వాటి మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ, కొంగ వెనక కోట.

"మా ఇంటి చిహ్నం. మా ఆయన కొన్నాడు, ఒక మాల్‌లో. ఇంటిపేరు చెబితే అప్పటికప్పుడు అచ్చు వేసి ఇచ్చారు."

"చాలా బాగుంది, మ్యామ్."

"బాగాలేదు. అరవై ఏళ్ళుగా ఆ కోట గురించి వింటున్నాను. ఆయన పోయి ఆరు నెలలైంది."

ఆవిడ ఇంటిపేరు ఇక్కడ రాయను. వాళ్ళ భాషలో ఆ పేరుకు అర్థం మాత్రం చెబుతాను. చిత్తడి నేల అంచున ఉండేవాళ్ళు అని. మన ఇంటిపేర్లలో గుంటలూ చెరువులూ వాగులూ ఉన్నట్టే. ఆవిడ భర్త పోయే ముందు ఒకే ఒక్కటి అడిగాడట. తన చితాభస్మం కొంచెమైనా తన ఇంటిపేరు పుట్టిన ఊళ్ళో కలపమని. కోట ఉన్న ఊరు అన్నాడు గానీ ఊరి పేరు ఆయనకే తెలియదు.

"టికెట్లు కొన్నాను, నాకూ నా కూతురికీ," అంది ఆవిడ. "ఒక్కసారే వెళ్ళగలను హనీ. రెండోసారికి నా మోకాళ్ళు ఒప్పుకోవు. అందుకని ఊరు ఏదో సరిగ్గా చెప్పు."

వెళ్ళే ముందు చాలా కబుర్లు చెప్పింది. భర్త వాళ్ళు తరతరాలుగా రిఫార్మ్‌డ్ చర్చివాళ్ళట, అంటే క్యాథలిక్కులతో పడని ప్రొటెస్టెంట్లు. ఆయన తాత ఒక క్యాథలిక్ అమ్మాయిని ఇష్టపడితే ముత్తాత ఏడాదిపాటు కొడుకుతో మాట్లాడలేదట. నేను అన్నీ శ్రద్ధగా టైప్ చేసి 'ఇతర వివరాలు' అన్న చోట పెట్టాను. మా ప్రోగ్రామ్ 'ఇతర వివరాలు' చదవదు. ఆ ప్రోగ్రామ్ రాసింది నేనే కాబట్టి నాకు ఆ సంగతి బాగా తెలుసు.

ఫలితం క్షణాల్లో వచ్చింది. సరస్సు ఒడ్డున ఒక ఊరు. అక్కడ ఆ ఇంటిపేరువాళ్ళు బోలెడుమంది ఉన్నారు. ఊళ్ళో కోట ఉంది. ఆ కుటుంబం చిహ్నం కొంగే. మేనేజర్‌కు ఒళ్ళు పులకరించింది. మాల్‌లో ఎవడో అచ్చు వేసినదీ మా ప్రోగ్రామ్ చెప్పినదీ ఒకటే అయ్యాయి. రెండు ఊహలు ఎదురుపడి చేతులు కలిపితే దాన్ని రుజువు అంటారని నేను అప్పుడే నేర్చుకున్నాను. పుస్తకం అచ్చయింది, ఆవిడకు చేరింది. "మా ఆయన చెప్పిందే నిజమన్నమాట, ఖర్మ," అని ఫోన్ చేసి ఏడ్చింది, నవ్వింది కూడా.

ఆవిడ ప్రయాణం దగ్గర పడుతున్న రోజుల్లో అన్న కొత్త కారు కొన్నాడు. శనివారం గుళ్ళో వాహన పూజ. తోడు నేను. గుడి పార్కింగ్ లాట్‌లో కారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. అన్న ముఖంలో భక్తి కన్నా పెయింట్ గురించిన భయమే ఎక్కువ కనిపించింది.

"గోత్రం?" అన్నారు పంతులుగారు.

"తెల్వదు పంతులుగారూ. మా నాయనకు ఫోన్ చేస్తున్న, ఎత్తుతలేడు."

"పర్వాలేదు. కాశ్యపస గోత్రం..."

"గదెట్ల? మాది వేరేదైతే?"

"తెలియనివాళ్ళందరికీ అదే నాయనా. పేరు చెప్పండి, వెనక ఇంకో మూడు కార్లున్నాయి."

పంతులుగారు మంత్రం అందుకున్నారు. తెలియనివాళ్ళందరికీ అదే. చిన్నప్పటి నుంచీ విన్నదే, మీటింగ్‌లో మేం గొప్పగా చెప్పుకున్నదే. కానీ ఆ పార్కింగ్ లాట్‌లో నిలబడి వింటుంటే మాత్రం అన్న బదులు ఆ ముసలావిడ భర్త కనిపించాడు. పంతులుగారు మా ప్రోగ్రామ్‌లా మాట్లాడుతున్నారు.

"అన్నా, ఆ కొంగ మగ్గుల ఆవిడ లేదూ..."

"మంత్రం నడుస్తున్నదిర భై, ఆగు."

ఆగలేకపోయాను. సంచిలోంచి లాప్‌టాప్ తీసి బానెట్ మీద పెట్టి తెరిచాను.

"ఏయ్! కొత్త కార్! కొత్త కార్ మీద పెడ్తవారా!"

పంతులుగారు కళ్ళతోనే నన్ను శపించి మంత్రం కొనసాగించారు. ఆవిడ భర్త వంశంలో మొదట ఓడ దిగినవాడి అసలు రికార్డు తెరిచాను. మూల గ్రామం ఉండాల్సిన చోటు తెల్లగా ఖాళీగా ఉంది. ఆ ఊరి పేరు చెప్పింది చరిత్ర కాదు, నేనూ అన్నా. కింద 'ఇతర వివరాలు' కూడా ఉన్నాయి. రిఫార్మ్‌డ్ చర్చి, క్యాథలిక్ అమ్మాయి, ఏడాది మౌనం. వెంటనే ఆ సరస్సు ఊరి గురించి చదివాను. ఊరంతా క్యాథలిక్, మొదటి నుంచీ.

అన్న నా భుజం మీంచి చూశాడు. నేను లాప్‌టాప్ తీసుకోగానే పంతులుగారు సైగ చేశారు, అన్న కారెక్కి ముందుకు కదిపితే నిమ్మకాయలు చితికాయి. ఆ చప్పుడు మా ఇద్దరి గురించే అనిపించింది.

"అంటే మనం ఆయనకు కాశ్యప గోత్రం రాసినమా?" అన్నాడు అన్న కారు కిటికీలోంచి.

"పుస్తకం అచ్చు వేసి మరీ."

సోమవారం పొద్దున్నే ఆ సరస్సు ప్రాంతపు పంచాయతీ ఆఫీసుకు వీడియో కాల్ చేశాం. ఈమధ్య అక్కడ చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి ఒకే ఆఫీసు చేశారట. తెర మీదికి నడివయసు ఉద్యోగిని ఒకావిడ వచ్చింది. ఇంగ్లిష్ నెమ్మదిగా, తూచి తూచి మాట్లాడింది. ఇంటిపేరు చెప్పాను.

"పైవాళ్ళా, కిందివాళ్ళా?" అంది వెంటనే.

"అంటే?"

"కింద సరస్సు పక్కన ఒక చిత్తడి ఉంది. పైన కనుమ దగ్గర ఇంకొకటి ఉంది. చిత్తడి ఎక్కడుంటే ఆ పేరువాళ్ళు అక్కడుంటారు కదా. కిందివాళ్ళు క్యాథలిక్కులు. వాళ్ళకు కోట, కొంగ, అన్నీ ఉన్నాయి. పైవాళ్ళు రిఫార్మ్‌డ్. వాళ్ళకు గాలి ఉంది. నాదీ పైఊరే. ఇప్పుడు రెండు ఊళ్ళవాళ్ళమూ పెళ్ళిళ్ళు చేసుకుంటున్నాం. ఒకే వంశం మాత్రం కాదు."

నేనూ అన్నా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ప్రపంచం మొత్తం మీద ఈ ముక్క ఎవరూ మాకు చెప్పనక్కర్లేదనుకున్న ఇద్దరం మేమే.

ఓడ ఎక్కినవాడి పేరూ, అతని భార్య పేరూ చెప్పాను. ఒక్క నిమిషం అని వెళ్ళి, కాఫీ కూడా తెచ్చుకుని వచ్చింది. ఆ ఇద్దరూ పైఊరి చర్చిలో పెళ్ళి చేసుకున్నవాళ్ళేనంది.

"వాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారో మీ రికార్డుల్లో ఉందా?" అని అడిగింది.

"లేదు. బతుకుతెరువు కోసం అనుకున్నాం."

"మేం పంపేశాం. బంగాళాదుంపలు కుళ్ళిపోయిన కాలం అది. ఊళ్ళో పేదలు ఎక్కువయ్యారు. ఊరి పెద్దలు కూర్చుని, ఊరి అడవిలో ఒక వాలు మొత్తం నరికించి, ఆ కలప అమ్మి, ఆ కుటుంబాలకు అమెరికా టికెట్లు కొనిచ్చారు. మళ్ళీ రాకూడదని షరతు పెట్టారు."

"అంటే గెంటేశారా?"

"టికెట్ కొనిచ్చి గెంటేశారు. మేం మర్యాదస్తులం." ఆవిడ కాఫీ తాగింది. "తర్వాత ఆ వాలు మీద మళ్ళీ చెట్లు నాటారు. అన్నీ ఒకే వయసువి, వరసగా ఉంటాయి. బడికి ఆ పక్క నుంచే నడిచేదాన్ని. అవి ఎందుకంత తిన్నగా ఉన్నాయో పైఊరి పిల్లలందరికీ తెలుసు."

కాల్ అయ్యాక అన్న లాప్‌టాప్ మూసేశాడు. "టికెట్ వాళ్ళే కొనిచ్చిన్రట," అన్నాడు, కొంచెం అసూయగా.

మేనేజర్‌కు చెప్పాను. ఇలాంటి సమయంలో, అంటే వీసా కాగితం గాల్లో వేలాడుతున్నప్పుడు, తల వంచుకుని పని చేసుకోవాలని వాట్సాప్ గ్రూపుల్లో పెద్దలు చెబుతారు. నేనూ తల వంచుకునే ఉండేవాణ్ణి, కాలు ఊరుకోలేదు. ఆ ముసలావిడ విమానం ఎక్కి తప్పు ఊళ్ళో భర్తను వదిలి వచ్చాక, ఎప్పుడో ఒకరోజు ఈ సంగతి తెలిస్తే? మోకాళ్ళు రెండోసారికి ఒప్పుకోవని చెప్పింది కదా. ఈ ఒక్క ముక్క తలలో తిరుగుతూ ఉండటం వల్ల కుర్చీలో కూర్చోలేకపోయాను, నిలబడీ ఉండలేకపోయాను.

మేనేజర్ అంతా విని కళ్ళజోడు తీసింది. "పుస్తకంలో 'ఇది సంభావ్యత మాత్రమే' అని రాశాం కదా?"

"రాశాం. చివరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో."

"ఆవిడ సంతోషంగా ఉంది."

"అవును."

"లీగల్ వాళ్ళను అడగాలేమో."

"అడగండి. ఆవిడ విమానం దిగి ఇంటికొచ్చాక జవాబిస్తారు."

కథ అయితే ఇక్కడ మేనేజర్ నన్ను ఉద్యోగంలోంచి తీసేయాలి, నేను వర్షంలో నడుచుకుంటూ వెళ్ళాలి. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఫోన్‌లో చెప్పకు. వెళ్ళి చెప్పు. ఆవిడ ఎవరినైనా కొడితే అది నువ్వే కావాలి," అంది. వర్షం కూడా లేదు. నా కారు బ్యాటరీ అయిపోయి ఉండటంతో అన్న కొత్త కారులో బయలుదేరాం. బానెట్ మీద పసుపు అలాగే ఉంది.

లోయలో ముసలావిడ ఇల్లు వెతకక్కర్లేదు. గేటు దగ్గర పోస్ట్ డబ్బా మీద కొంగ ఉంది. మేం వస్తున్నామని యాపిల్ పై అనే తీపి వంటకం చేసి పెట్టింది. తలుపు తీసి మా ముఖాలు చూసింది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు, మ్యామ్."

"మరి ఆ మొహాలేమిటి? మా ఆయన అంత్యక్రియలకు కూడా ఇంత దిగులుగా ఎవరూ రాలేదు."

హాల్లో రేడియో పక్కన ఒక చెక్క పెట్టె ఉంది. అందులో ఉన్నది ఎవరో అడగలేదు. మూలన సూట్‌కేస్ తెరిచి ఉంది, ఉన్ని మేజోళ్ళు సర్ది ఉన్నాయి. వాటి మీద మా పుస్తకం. ఆ నున్నటి అట్ట చూడగానే నాకు పళ్ళ డాక్టర్ దగ్గర కూర్చున్నట్టయింది.

చెప్పేశాను. తిన్నగా, ఎక్కడా జోకు లేకుండా. నా జీవితంలో అంతసేపు జోకు లేకుండా మాట్లాడింది కాన్సులేట్ కిటికీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఊరు అది కాదని, ఆ పేరు మేం ఊహించి రాసిందని, అసలు ఊరు కొండ పైన ఉందని చెప్పాను.

"కోట లేదా?"

"లేదు, మ్యామ్."

"కొంగ?"

"కొంగ కిందివాళ్ళది."

ఆవిడ తల తిప్పి చెక్క పెట్టెతో, "విన్నావా?" అంది.

అడవి గురించీ టికెట్ల గురించీ కూడా చెప్పాను. అది చెప్పాలా వద్దా అని దారి పొడవునా మేం గొడవపడ్డాం. సగం నిజం ఇప్పటికే ఒకసారి అచ్చు వేసి ఇచ్చామని అన్న అనడంతో వాదన ఆగింది. ఆవిడ విని లేచింది. వంటింట్లోకి వెళ్ళి యాపిల్ పై ముక్కలు కోసి తెచ్చింది. కోసేటప్పుడు కత్తి పళ్ళేనికి తగిలి చాలాసేపు మోగింది. నా కాలు మొదలైంది. అన్న తన చేత్తో నా మోకాలు గట్టిగా నొక్కి పట్టాడు.

"ఎలా తెలిసింది?" అని అడిగింది కూర్చుంటూ.

అన్న చెప్పాడు. గోత్రం అంటే ఏమిటో, పంతులుగారు ఏమన్నారో, నిమ్మకాయలతో సహా.

"అయితే తెలియనివాళ్ళందరికీ మీ దేవుడు ఒకటే పేరు రాసేస్తాడా?"

"దేవుడు గాదు మ్యామ్, పంతులు."

"మరి నీ కారు ఇప్పుడు ఎవరి వంశం పేరు మీద ఉన్నట్టు?"

"బ్యాంకు పేరు మీద ఉన్నది, మ్యామ్."

మొదట ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని లేచి నిలబడ్డాను. నవ్వుతోంది. నవ్వు మధ్యలో అది ఏడుపుగా మారింది, మళ్ళీ నవ్వయింది. ఎక్కడ మారిందో నాకు తెలియలేదు. నేను నిలబడే ఉన్నాను. పళ్ళెంలో యాపిల్ పై చల్లారిపోయింది.

"నా కూతురికి చెబితే టికెట్లు క్యాన్సిల్ చెయ్యమంటుంది," అంది చివరికి. "గెంటేసినవాళ్ళ దగ్గరికి వెళ్ళడమేమిటి అంటుంది. కింది ఊరికే వెళ్దాం, కోట బాగుంది, నాన్నకు తెలియదు కదా అంటుంది."

"మీరేమంటారు?" అన్నాను.

ఆవిడ పెట్టె వైపు చూసింది. "ఈయన పెళ్ళికి ముందు మా నాన్న ఇంటికి వస్తే, మా నాన్న మళ్ళీ గడప తొక్కొద్దన్నాడు. ఆ మరుసటి ఆదివారం భోజనం వేళకు వచ్చి కూర్చున్నాడు." లేచి సూట్‌కేస్‌లోంచి మా పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. "రావద్దంటే వచ్చే రకం. పైఊరికే తీసుకెళ్తాను. ఆ ఉద్యోగినికి రాసి, దారి కనుక్కో."

బయటికొస్తుంటే కొంగ మగ్గులు రెండూ కాగితంలో చుట్టి ఇచ్చింది. వేరేవాళ్ళ పక్షిలో కాఫీ తాగలేనంది. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, ఇంట్లో వేరే మగ్గులు లేవు, వెనక్కి పంపమంది.

స్విట్జర్లాండ్ ఉద్యోగిని జవాబు చిన్నగా వచ్చింది. అడవిలో కలపడానికి అభ్యంతరం లేదు. చెట్లు వరసగా ఉంటాయి కాబట్టి దారి తప్పరు. నేనే వచ్చి తీసుకెళ్తాను. మంచి బూట్లు తెచ్చుకోమనండి.

ప్రోగ్రామ్ మార్చేశాం. ఖాళీ ఉన్నచోట ఇప్పుడు 'తెలియదు' అని వస్తుంది. కస్టమర్లకు అది అస్సలు నచ్చలేదు. ఎవరూ తెలియదు అన్న మాటను గట్టి అట్టతో కొనుక్కోరు. అన్నవాళ్ళ నాన్న ఆ తర్వాత ఎప్పుడో ఫోన్ ఎత్తి గోత్రం చెప్పాడు. కాశ్యప కాదు. పూజ మళ్ళీ చేయిద్దామా అంటే, "ఇన్సూరెన్స్ ఉన్నది తియ్," అన్నాడు అన్న.

నిజాయితీగా ఉన్నందుకే కంపెనీ మూతపడిందని రాస్తే ఈ జ్ఞాపకానికి కొంత గౌరవం వచ్చేది. అలాంటిదేమీ లేదు. ఒక పెద్ద కంపెనీకి మా రికార్డులు కావాల్సి వచ్చాయి, మేం అక్కర్లేకపోయాం. ఆ వారంలోనే వీసా పొడిగింపు వచ్చింది, ఇక లేని ఉద్యోగానికి. కాళ్ళకు చక్రాలు కట్టుకుని వెతికితే దేశానికి ఆ చివరన శాంటా క్లారాలో ఒకటి దొరికింది. కుక్కల ఆహారం ఎవరికి అమ్మాలో తేల్చే పని. కుక్కలకు మూల గ్రామాలు అడగరు. అన్న ఆ దగ్గర్లోనే శాన్ రామన్ అనే ఊరికి వెళ్ళాడు.

హెర్న్‌డన్‌లో సామాను అట్టపెట్టెల్లో సర్దుతున్న రోజు పొద్దున ఆ ముసలావిడ ఫోన్ చేసింది. తిరిగొచ్చి రెండు నెలలైందట, మోకాళ్ళు కుదుటపడ్డాకే ఫోన్ పట్టుకుందట. పెట్టెల మీద నేను రాసిన 'వంటిల్లు', 'పుస్తకాలు' అన్న అక్షరాలు చూస్తూ, గదంతా తిరుగుతూ విన్నాను. ఉద్యోగిని గొడుగు పట్టుకుని ముందు నడిచిందట. చెట్లు నిజంగానే సైనికుల్లా వరసగా ఉన్నాయట. మోకాళ్ళు మూడో వరస దాకానే ఒప్పుకున్నాయి కాబట్టి ఆయన్ని మూడో వరసలో ఒక చెట్టు మొదట్లో ఉంచిందట. కూతురు ఏదో ప్రార్థన చదవబోతే గాలి కాగితం ఎగరేసుకుపోయిందట.

"తర్వాత ఊళ్ళో ఒకే ఒక్క హోటల్ ఉంటే అక్కడ సూప్ తాగాం," అంది. "బిల్లు ఎవరి పేరు మీద రాయాలని అడిగాడు ఆ హోటల్ ముసలాయన. పేరు చెప్పాను. కలం ఆపి, 'పైవాళ్ళా, కిందివాళ్ళా?' అన్నాడు."

నేను తిరగడం ఆపాను. "మీరేమన్నారు?"

"పైవాళ్ళం అన్నాను. 'చాన్నాళ్ళకు వచ్చారే' అన్నాడు. అంతే. వెళ్ళి ఇంకొంచెం సూప్ తెచ్చాడు."

అలాంటప్పుడు నాకు తోచే మాటలు ఒకే రకంగా ఉంటాయి. "బిల్లు వేశాడా, మ్యామ్?" అన్నాను.

"పూర్తిగా వేశాడు, రెండో గిన్నెతో సహా," అంది ఆవిడ. "కానీ హనీ, ఈసారి మాత్రం ఎవరూ మాకు టికెట్ కొనిపెడతామనలేదు."